కడిగిన రాయి

“పొద్దున తెల్లగా ఉన్న వజ్రం మధ్యాహ్నానికి పసుపు తిరుగుతుందా?” యజమాని చీటీని బల్ల మీద విసిరాడు.

చీటీ మీద ‘డి’ అన్నది వజ్రాల రంగు తేల్చే రంగులాయన రాతే. రంగు మచ్చుకైనా లేని రాయికి ఇచ్చే అక్షరం అది. బల్ల మీది రాయి మాత్రం నమూనా రాళ్ల వరసలో, పసుపు జీర ఉన్న ‘కె’ పక్కన కవలపిల్లలా కూర్చుంది.

“కడిగాకే చూశావా?”

“కడిగాకే చూశానండి.”

అబద్ధం. పొద్దున హడావుడిలో ముందు చూసి, రాసేసి, ఆ తర్వాతే కడగమని పంపాడు. ఇది బయటపడితే ఉద్యోగంతోపాటు పాతికేళ్ల పేరు మంటగలిసినట్టే. అయినా తన కన్ను తప్పదు. రాయే మారింది.

“మరి నువ్వు కాక ముట్టుకున్నదెవరు?”

రాళ్లు కడిగేది ఒక్కతే. రంగులాయన తోడబుట్టిన అక్క. స్పిరిట్ గిన్నెను రెండు చేతులతో కప్పి పట్టుకుని గోడవారన నిలబడి ఉంది.

“అక్కా, నిజం చెప్పు. అసలు రాయి ఏం చేశావు?”

ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. గిన్నెలోకి చూసింది.

“నేనే మార్చాను. బయటికి పంపేశాను. ఇక దొరకదు.”

రంగులాయనకు ఒళ్లు మండిపోయింది. “తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? ఇవాళ్టితో నువ్వు నాకు అక్కవి కావు!”

“సరేరా. ఈ గిన్నె ఒక్కటీ కడిగి బోర్లించి పోతాను.”

“దేన్నీ ముట్టుకోకు!” గిన్నె లాక్కుని అలమర మీద పెట్టాడు.

పోలీసులు వచ్చారు. ఆమె వాళ్ల వెంట మెట్లు దిగింది.

గది సర్దుతూ రంగులాయన ఆ గిన్నెను తెల్లకాగితం మీద దించాడు. స్పిరిట్ లేత ఊదాగా ఉంది. పసుపు రాయి తెల్లగా కనపడాలని అమ్మేవాడెవడో అంచుకు ఊదా సిరా పూశాడు. కడిగితే అది కాస్తా వదిలింది. రాయి మారనే లేదు. ఈ మోసం సంగతి అక్కకు మొదటిరోజే నేర్పింది తనే.

కిటికీ కింద జీపు ఇంకా కదల్లేదు.

“ఏముంది దాంట్లో?” గుమ్మంలోంచి యజమాని అడిగాడు.

“ఏం లేదండి,” అంటూ రంగులాయన గిన్నెను తొట్టిలో వంపేసి, అచ్చం అక్క కడిగినంత శుభ్రంగా కడిగి బోర్లించాడు.