రెండో సంతకం

“ఇది వైరస్ పనే. సంతకం పెట్టి పో.”

ల్యాబుకి పెద్ద అయిన అత్తగారు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అంది. ఎదురుగా కూర్చున్న కోడలు కదల్లేదు. పెళ్లయిన ఆర్నెల్లకే కొడుకుతో వేరు కాపురం పెట్టించిందని కోడలంటే ఆవిడకి కడుపుమంట. ఇళ్ల మధ్య రాకపోకల్లేవు. ఖర్మ కొద్దీ ఇద్దరిదీ ఒకటే ల్యాబు, ఇద్దరూ ఒకేసారి చూసే మైక్రోస్కోపూ ఒకటే.

పైగా నాలుగు రోజులుగా ఆవిడ మాస్కు తీయడం లేదు. కోడలు పీల్చే గాలి కూడా పడదు కాబోలు!

స్లైడు మీద పేరు కనబడకుండా కాగితం అంటించి ఉంది. ఇద్దరూ సంతకాలు పెట్టేదాకా దాన్ని విప్పకూడదు. అక్కడి పద్ధతి అది. లోపల ఉన్నది ఎవరి సైనస్‌లోంచో తీసిన గోరంత ముక్క.

“వైరస్ పట్టిన కణాలు ఉబ్బుతాయి మేడమ్, కాదనను. కానీ ఇవి పొర చీల్చుకుని లోపలికి దిగాయి. ఇది క్యాన్సర్.”

“నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతున్నావా?” అత్తగారు ముక్కుతో సాగదీసింది. ఎంత వెక్కిరింపో! “వైరస్ గడ్డయితే గీకేస్తే పోతుంది. క్యాన్సరంటే పైదవడ ఎముక తీసేస్తారు. కన్ను కూడా పోవచ్చు. తెలుసా?”

“వదిలేస్తే ప్రాణమే పోతుంది.”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లని తెలుసు. ఇన్నాళ్లూ నోరు మూసుకుంది. ఇవాళ మాత్రం అవతల ముక్కూ మొహం తెలియని మనిషి ప్రాణం ఉంది.

“ఈ మూల చూడండి. మీ వాళ్లదైతే ఇలాగే రాసేస్తారా?”

అత్తగారు చాలాసేపు స్లైడుని అటూ ఇటూ జరుపుతూ చూసింది. చివరికి రిపోర్టులో ‘వైరస్ మార్పులు’ అన్నది కొట్టేసి, ‘క్యాన్సర్’ అని రాసి, విసురుగా సంతకం గీకింది.

గెలిచానన్న పొగరు దాచుకోకుండా కోడలు కిందే రెండో సంతకం పెట్టింది. “మరి ఆ మనిషికి ఎవరు చెబుతారు? మీరా, నేనా?”

“చెప్పేశావుగా,” అంటూ అత్తగారు మాస్కు కిందికి లాగితే, ఎడమ ముక్కు నిండా రక్తం చారికలతో దూది కుక్కి ఉంది.