నిండుకుంది

గోడ అవతల మరమగ్గాలు ఆడుతున్నాయి. భూదేవి కడుపులో కూడా ఏదో ఆడుతోంది.

శ్రావణ శనివారం, ఒక్కపొద్దు. మధ్యాహ్నం సగ్గుబియ్యం కిచిడీ తింది. పొద్దు వాలకముందే ఆ తెల్లటి గింజలు మళ్ళీ కళ్ళ ముందు తేలుతున్నాయి.

పోయిన వారం ఆగలేక బిస్కెట్లు తింది. తిని, దేవుడి పటం కంటబడకుండా అటు తిరిగి పడుకుంది.

"నా ఒక్కపొద్దు స్వామికి ఇష్టం లేదేమో," అంది భర్త అంబదాస్‌తో.

అతను ఆమెను సలాబత్‌పురాలో తెలుగు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ డాక్టరమ్మ, మౌక్తిక, సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. రక్తపరీక్ష చూసి నవ్వింది.

"షుగర్ లేదు ఆంటీ. స్వామికి కోపం గూడ లేదు. కడుపు తలకాయకు కబురు పంపుతది, చాలు అని. పప్పు, పెరుగు, పల్లీలు తింటే ఆ కబురు చాలాసేపు నిలుస్తది. ఉత్త అన్నం, సగ్గుబియ్యం తింటే జల్దీ పోతది."

"పేక పోగు తెగితే మగ్గానికి ఎర్కై ఆగినట్టు," అన్నాడు అంబదాస్.

"బస్, గట్లనే అంకుల్."

భూదేవి ముందుకు వంగింది. "ఆ కబురు మోసేది ఎవరు బిడ్డా? దేవుడు పెట్టిన మనిషేనా?"

"మాకు హార్మోన్ అని చెప్పిన్రు ఆంటీ. పేరు ఏదైతేంది?"

తర్వాత మౌక్తిక అడిగింది. "ఇంట్ల పప్పు వండుతరా?"

"రోజూ వండుతా."

"మీరు తినేటప్పుడు?"

"నిండుకుంటది."

"కడుపు నిండుతదా? మంచిదే," అంటూ మౌక్తిక బయట కూర్చున్నవాళ్ళను పిలిచింది.

భూదేవి సరిదిద్దలేదు.

అంబదాస్ కుర్చీలోంచి లేవడం మరిచిపోయాడు.

ఇంట్లో ఏదీ అయిపోయిందనకూడదు, లక్ష్మి నొచ్చుకుంటుంది. నూనె నిండుకుంది. బియ్యం నిండుకున్నాయి. అతను చెయ్యి కడుక్కుంటుంటే వంటింట్లోంచి రోజూ వినబడే మాట. పప్పు నిండుకుంది.

ఆ మాట ఆమె ఎవరితో అంటుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు.

మర్నాడు పప్పుగిన్నె మూత తీస్తే ఆవిరి లేచి, పటంలోని స్వామి ముఖాన్ని మబ్బులా కప్పింది.

రెండో గరిటె వేయబోతుంటే అంబదాస్ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు."

"గింతనేనా? పానం బాగలేదా ఏంది?"

"నువ్వు గూడ కంచం పెట్టుకో."

"నువ్వు తిన్నంక తింట గదా."

"డాక్టరమ్మకు అబద్ధం చెప్పొచ్చినవ్, చాలదా? కూసో."

"నేనేం అబద్ధం చెప్పలే," అంటూ కూర్చుంది, కొత్త పెళ్ళికూతురిలా ఒక పక్కకు తిరిగి.

మళ్ళీ శనివారం వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసే కూర్చుని తిన్నారు, పెసరపప్పు, పెరుగు.

పొద్దు వాలింది. భూదేవి దీపం పెట్టి, పటం ముందు కూర్చుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఎక్కడిదో దూరపు చప్పుడు వింటున్నట్టు తల వంచింది.

"ఏందే?" అన్నాడు అంబదాస్.

"మగ్గాలు ఆగినయా?"

గోడ అవతల అవి ఆడుతూనే ఉన్నాయి.