పొయ్యి ముట్టించే మనిషి

రాధారాణి సాంబారు మరిగిస్తుండగా ముసలాయన వచ్చి పొయ్యి ఆర్పేశాడు.

అమెరికాలోని అల్ఫారెట్టాలో ఆమెది శాకాహార హోటల్. యూదుల తిండి నియమాలు పాటిస్తే వాళ్ళూ వస్తారని, ఆ నియమాల అమలు చూసే ఆఫీసు పంపిన మనిషిని వంటింట్లోకి రానిచ్చింది. రోజూ పొయ్యి ఆయనే ముట్టించాలి. యూదులు కానివాళ్ళు ముట్టించి వండింది వాళ్ళు తినరు.

ఆ ముసలాయన పేరు యోసెఫ్. తాష్కెంట్ నుంచి వలస వచ్చాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. నోట్లో నాలుక లేని మనిషి.

ఆ రోజు ఆయనకు బస్సు దొరక్క ఆలస్యమైంది. ఎవరు ముట్టిస్తే ఏమిటిలే అని, రాధారాణి పొయ్యికి దణ్ణం పెట్టుకుని తనే వెలిగించేసింది.

యోసెఫ్ సాంబారంతా పారబోయించాడు. లంచ్‌కి వచ్చినవాళ్ళు చాలాసేపు కాచుకుని కూర్చున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆఫీస్‌కి కాల్ చేసి ఇంకొకర్ని పంపమనండి. ఇలా అయితే మన బిజినెస్ పోతుంది," అంది భర్తతో.

"పెద్దాయన కదా," అని నసిగాడు చక్రధర్.

"అయితే ఇంట్లో రెస్ట్ తీసుకోమనండి."

మర్నాటి నుంచి ఒక యువకుడు రాసాగాడు. టైముకి పొయ్యి ముట్టించి, ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఆమె మనసు కుదుటపడింది.

చలికాలంలో ఒక వారం యూదులెవరూ రాలేదు. అప్పటికి ఎక్కువగా వచ్చేది వాళ్ళే కావడంతో హోటల్ వెలవెలబోయింది. ఇక మూసుకోవలసిందేనా అని రాధారాణి దిగులుపడింది.

వారం గడిచాక అందరూ కలిసి వచ్చారు. ముఖాలు వాడిపోయి ఉన్నాయి. వంటలో ఏమైనా లోపం జరిగిందా అని ఆమె భయంభయంగా అడిగింది.

"లేదు. మా రబ్బీ పోయారు. మా ఆచారం ప్రకారం వారమంతా ఆయనింట్లోనే సంతాపంగా కూర్చున్నాం," అన్నాడు బోరిస్ అనే పెద్దమనిషి.

రబ్బీ అంటే వాళ్ళ మతగురువని ఆమెకు తెలుసు. ఆయన ఏ మందిరంలో ఉండేవారని అడిగింది.

"ఇక్కడ ఆయనకు మందిరం లేదు. సోవియట్ రోజుల్లో తాష్కెంట్‌లో సర్కారు కళ్ళుగప్పి మా పెళ్ళిళ్ళు చేశారు, మా పిల్లలకు ప్రార్థనలు నేర్పారు. ఇక్కడ ఇంగ్లీషు రాదని ఎవరూ పెట్టుకోలేదు. మీ వంటింట్లో పని దొరికితే చేరారు."

ఆయన్ని తీసేయించింది తనేనని రాధారాణి చెప్పేసింది.

"తెలుసు. అప్పుడే మేం రావడం మానేద్దామనుకున్నాం," అన్నాడు బోరిస్. "ఆ ఇల్లాలి పొట్ట కొట్టొద్దని, మమ్మల్ని రోజూ ఇక్కడికి పంపింది ఆయనే."