చీరల కోసం వచ్చినావిడ

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. మగ్గం గుంటలో జగ్గయ్య, రాట్నం దగ్గర ఆయన తల్లి బుల్లెమ్మ, పాత కంప్యూటరు ముందు కూతురు సత్యశ్రీ, ఆమె కుర్చీ వెనక ఇంజనీరింగు చదివే అన్న బుజ్జిబాబు.

సాయంత్రం చేనేత సొసైటీ కమిటీ కూర్చుంటుంది. అప్పటికి, తను కాయితం మీద గీసిచ్చిన చీరల వెబ్‌సైటుకి ఒక్క పేజీ అయినా చేసి చూపిస్తే ఆ పని సత్యశ్రీది. లేదంటే పోటీకొచ్చిన కాకినాడ కంపెనీది.

పొద్దుటి నుంచి ఆ పిల్ల ఒక సాఫ్ట్‌వేరు ఎక్కించడం, అది కదలకపోతే తీసెయ్యడం, ఇంకోటి ఎక్కించడం. బుజ్జిబాబు ప్రతిసారీ ఇది కాదు, అది పెట్టమంటున్నాడు. కుర్చీ కింద ఆమె కాలు ఆగకుండా ఊగుతోంది.

ఎవరో నడివయసావిడ గుమ్మంలో నిలబడి జగ్గయ్యగారి ఇల్లు ఇదేనా అని అడిగింది.

ఆ వీధికి కొత్త ఆడమనిషి వచ్చిందంటే చీరలకే. బుల్లెమ్మ మరేమీ అడక్కుండా చాప పరిచి, చీరలు తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆవిడ కూర్చోలేదు. కంప్యూటరు దగ్గరికి వచ్చింది.

"ఎన్ని ఎక్కించేవమ్మా?"

"తొమ్మిదండి."

"ఎన్ని లైన్లు రాసేవు?"

సత్యశ్రీ ఖాళీ తెర వైపు వేలు చూపించింది.

"నోట్‌ప్యాడ్ తెరువు. ఈ కంప్యూటరుకి అది చాలు."

"నోట్‌ప్యాడా అండీ?" బుజ్జిబాబు నవ్వాడు. "పలకా బలపం కూడా తెమ్మంటారా?"

ఆవిడా నవ్వింది. రాసింది ఎలా దాచుకోవాలో, బ్రౌజరులో ఎలా తెరిచి చూసుకోవాలో చెప్పింది. ఇరవై నిమిషాల్లో తెర మీద నీలం అంచు చీర, దాని కింద నేసినవాళ్ళ పేరు.

సొసైటీకి మిగతా పేజీలు కూడా నువ్వే చేస్తావా అని ఆవిడ మెల్లగా అడిగింది.

మగ్గం ఆగింది.

"సొసైటీ సంగతి మీకెలా తెలుసండి?" జగ్గయ్య గుంటలోంచి లేచాడు. "తమరు ఎవరి తాలూకా?"

"కాకినాడండి. అక్కడి కంపెనీ..."

"ఆయ్. మా పిల్ల ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చేరన్నమాట. చూసేరు కదండీ. ఇక దయచెయ్యండి."

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ సత్యశ్రీ వైపు చూసింది.

ఆవిడ నాకు నేర్పేరు నాన్నా అన్న ఒక్క మాట ఆ పిల్ల గొంతు దాటి రాలేదు.

అంతలో లోపల ఫోను మోగింది. సత్యశ్రీ వెళ్ళి తీసింది. సొసైటీ సెక్రటరీ భీమరాజుగారు.

"అమ్మా, సాయంత్రం అన్నాం గానీ కమిటీ పొద్దున్నే కూర్చుంది. పని కాకినాడవాళ్ళకే ఇచ్చేసేం."

సత్యశ్రీ ఫోను పెట్టెయ్యబోయింది.

"అయితే వాళ్ళ మేడంగారు నువ్వు కాయితం మీద గీసిచ్చిన పేజీలు చూసి, మాకొద్దండి, ఆ పిల్లకే ఇవ్వండి, పక్కనుండి నేర్పే పూచీ నాది అన్నారు. నిన్నోసారి చూసి ఖాయం చేస్తానని మీ ఇంటికే బయల్దేరేరు. వచ్చేరా?" అని ఆయన అడుగుతుండగానే, జగ్గయ్య వీధి తలుపు మూసి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.