చెయ్యి అందే ఎత్తు

కొత్త ఫ్రిజ్ వంటింటి గుమ్మంలో ఇరుక్కుపోయింది.

అటు పోదు, ఇటు రాదు. ముగ్గురు మనుషులు దాన్ని పట్టుకుని చెమటలు కక్కుతున్నారు.

ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని టీచరు నిలబడి ఉంది. బడిలో అరవైమందిని అదుపులో పెట్టే గొంతు ఆవిడది. సెలవు పెట్టిన రోజు కూడా దానికి సెలవు లేదు.

గోడకి తగలనివ్వద్దని ఒకసారి, గుమ్మం కొలత చూసుకోకుండా ఎలా తెచ్చారని ఇంకోసారి కేకలేసింది. గుమ్మం కొలవాల్సింది తనే. ఆ సంగతి గుర్తుకొచ్చి గొంతు ఇంకాస్త పెంచింది.

రెండు తలుపులు పక్కపక్కన ఉండే ఈ ఫ్రిజ్ కోసం ఆవిడ నాలుగు షాపులు తిరిగింది. గొప్ప కోసం కాదు, అమ్మ కోసం.

పక్షవాతం వచ్చాక అమ్మ చక్రాల కుర్చీకే పరిమితమైంది. పాత ఫ్రిజ్‌లో పై అర ఆవిడకి అందదు, కింది అరకి వంగలేదు. గ్లాసుడు చల్లటి నీళ్ళకి కూడా కూతుర్ని పిలవాలి. మాటిమాటికీ పిలవడం ఇష్టం లేక, అసలు దాహమే వెయ్యడం లేదని చెప్పడం మొదలుపెట్టింది.

ఆ అబద్ధం టీచరు మనసుని తినేస్తోంది. ఈ ఫ్రిజ్‌లో రెండు వైపులా కూర్చున్న మనిషికి అందే అరలున్నాయి. తలుపుకే నీళ్ళ కుళాయి ఉంది. ఇది లోపలికి పట్టకపోతే ఇక వెనక్కి పంపడమే.

"తలుపులు ఊడదీస్తే పడుతుందమ్మా" అన్నాడు ముగ్గురిలో పెద్దవాడు. నెరిసిన గడ్డం, వెలిసిపోయిన చొక్కా.

"కొత్త ఫ్రిజ్ తలుపులు ఊడదీస్తావా? ఎవరు నేర్పారయ్యా నీకీ పని?"

అతను మిగతా ఇద్దరి దగ్గర స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. పైమూత విప్పి, వైర్లు నెమ్మదిగా విడదీసి, తలుపులు ఒక్కొక్కటే దించాడు. విప్పిన స్క్రూలు జేబులో వేసుకుంటుంటే టీచరు ఆపి, ఒక గిన్నె ముందు పెట్టి అందులో వెయ్యమంది. జేబులో వేసుకుని పోతాడేమోనని ఆవిడ అనుమానం.

ఫ్రిజ్ లోపలికి వెళ్ళింది. తలుపులు మళ్ళీ బిగించారు.

అతను దాన్ని పక్క గోడకి జానెడు ఎడంగా జరిపాడు. ఆ సందు అసహ్యంగా ఉందని టీచరు విసుక్కుంది. తలుపు బార్లా తెరుచుకోకపోతే కుర్చీ దగ్గరికి రాదని అతను చెప్పాడు.

అంతటితో ఊరుకోలేదు. అమ్మ ముందు గొంతుక్కూర్చుని, ఒక్కసారి చెయ్యి చాపమని అడిగాడు. అమ్మ బాగున్న చెయ్యి చాపింది. అది ఎంతవరకు వచ్చిందో చూసి, లోపలి అర తీసి ఒక మెట్టు కిందికి అమర్చాడు.

"ఫ్రిజ్ దించి వెళ్ళడం నీ పని. మా ఇల్లు సర్దడం కాదు" అంది టీచరు.

సరిగ్గా అప్పుడే తలుపు అంచున గీత కనిపించింది. గోరంత గీత. టీచరు దాన్ని కొండంత చేసింది. షాపుకి ఫిర్యాదు చేస్తానంది, ఎవరి వల్ల అయిందో చెప్పమంది. మిగతా ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

"పొరపాటు నాదేనమ్మా. వాళ్ళనేం అనకండి" అన్నాడు అతను. తర్వాత కాస్త తటపటాయించి, "అసలు నేనొచ్చింది..." అని మొదలుపెట్టాడు.

"టిప్పు కోసమైతే మీ షాపులో అడుక్కో."

అతను వంటిల్లంతా ఒకసారి కలయజూసి వెళ్ళిపోయాడు.

టీచరు అన్నంత పనీ చేసింది. గడ్డం మనిషి మీద ఫోన్లో ఫిర్యాదు చేస్తే, షాపు మేనేజరు తాము పంపింది ఇద్దర్నేనని, వాళ్ళలో గడ్డం ఉన్నవాడెవడూ లేడని చెప్పాడు.

టీచరు గబగబా బయటికి వచ్చింది. ఆ ఇద్దరూ ఇంకా వ్యానులో తాళ్ళు చుడుతున్నారు.

"మీ ఇంటి పెద్దాయన అనుకున్నాం మేడం" అన్నాడు ఒకడు. "మేమొచ్చేసరికి గేటు దగ్గరున్నాడు. తనే వచ్చి చెయ్యేశాడు. ఇంట్లో పెద్దాయన్నే మీరలా కసురుతుంటే, మేమెంతలే అని ఊరుకున్నాం."

టీచరు చెవులు వేడెక్కాయి. వీధి చివరిదాకా వెళ్ళి చూసింది. ఎవరూ కనిపించలేదు.

సాయంత్రం అమ్మ కుర్చీ తోసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఎవర్నీ పిలవలేదు. కుళాయి కింద గ్లాసు పెట్టి నీళ్ళు పట్టుకుంది. గటగటా తాగి, ఇంకో గ్లాసు పట్టుకుంది. తలుపు తీసి, దించిన అర మీద చెయ్యి ఆనించి చూసుకుంది. సరిగ్గా అందింది.

గుమ్మంలో నిలబడ్డ టీచరుకి ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషంతో రావాల్సిన ఏడుపు సిగ్గుతో వచ్చింది.

"అంత కష్టపడ్డాడు, ఆయనకి మంచినీళ్ళయినా ఇచ్చావా తల్లీ?" అని అడిగింది అమ్మ.

టీచరు తల దించుకుంది. అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేక తలదించుకునే పిల్లల్ని ఆవిడ రోజూ చూస్తుంది. తన తల అలా దిగడం ఇదే మొదలు.

ఇంతలో ఇల్లుగలాయన ఫోన్ చేశాడు. టీచరు, అమ్మ ఆ ఇంట్లో అద్దెకి దిగి మూడు రోజులే అయింది. ఇదివరకు ఆ ఇంట్లో అద్దెకున్న పెద్దాయన, వెనక తలుపు గడియ మొరాయిస్తే ఎలా తీయాలో చూపించి అటునుంచి అటే ఊరెళ్తానన్నాడట. వచ్చాడా అని అడిగాడు.

"గడ్డం ఉంటుందా?" అంది టీచరు.

"ఆయనే. ఈపాటికి రైలెక్కే ఉంటారు. ఇరవై ఏళ్ళున్న ఇల్లమ్మా అది, ఖాళీ చెయ్యమని నేను అడగనేలేదు. మీరు ఇల్లు వెతుకుతున్న సంగతి, మీ అమ్మగారి సంగతి మాటవరసకి చెప్పానంతే, 'మా ఆవిడ చక్రాల కుర్చీ కోసమని గడపలన్నీ తీయించిన ఇల్లు, ఇప్పుడు ఆవిడే లేదు, ఆ పెద్దావిడకి ఇచ్చెయ్యండి' అని ఆయనే సామాను సర్దుకున్నారు."