చక్రవర్తి ముక్కు మీది నొక్కు

“ఇది దొంగ నాణెం,” అన్నాను, భూతద్దం బల్ల మీద పెడుతూ.

మ్యూజియంలో నా గది అదిరిపోయేలా అరిచాడు తమ్ముడు. “చూశావా మరి! నాన్నకి ఎవడో కుచ్చుటోపీ పెట్టాడు. రోమన్ బంగారం, రోమన్ బంగారం అని జీవితమంతా మనల్ని ఊదరగొట్టాడు!”

నాకూ ఒళ్లు మండింది. ఈ నాణెం చూపించే నాన్న నాకు ఈ విద్య నేర్పాడు. రోమన్లు బంగారు బిళ్లను అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. ఇదేమో పోత పోసింది. అంచు చుట్టూ అతుకు గీత కనబడుతూనే ఉంది. ఆ మాత్రం ఆయనకు తెలియలేదా?

“ఇల్లు నాకు, నాణెం నీకు అని ఆయనే అన్నాడక్కా. దొంగదైతే నేనేం చెయ్యను? వెళ్లి పోయినాయన్నే నిలదీసుకో.”

ఆ కోపంతోనే నాణేన్ని మళ్లీ అద్దం కింద పెట్టాను. చక్రవర్తి ముక్కు మీద నొక్కు ఉంది. దెబ్బకు పడ్డ నొక్కయితే అంచులు పదునుగా ఉండాలి. ఇది కరిగిన మైనంలా నున్నగా ఉంది. నొక్కు పడ్డ అసలు నాణెం నుంచే ఎవరో మూస తీశారు.

“ఈ నొక్కు ఎప్పుడు పడిందిరా?”

వాడి చెయ్యి జేబు మీదికి పోయింది.

“నన్ను చెప్పమంటావా? నాన్న పోయిన మర్నాడు నా చేతిలోంచి నాణెం లాక్కున్నావు. అది ఇనప్పెట్టె అంచు మీద ఉండగానే మూత దబీమని వేశావు. అప్పుడు పడింది. ఆ పెట్టె తాళంచెవి ఆ రోజు నుంచీ నీ జేబులోనే ఉంది.”