అమ్మకి నచ్చిన ఆట

“అన్ని గీతలూ కిందికి జారుతుంటే ఇదొక్కటే పైకి పోతోందేంటి?” అంటూ డైరెక్టరమ్మ కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చింది.

తెర పక్కన నిలబడి లెక్కలు చూపిస్తున్నది అతనే. అది వయసు మళ్ళినవాళ్ళ కోసం తయారుచేసిన పిట్టల ఆట. ఒకే రంగు పిట్టల్ని మూడింటిని కలిపితే ఎగిరిపోతాయి. మార్కెట్లోకి వదిలేముందు కొద్దిమంది పెద్దవాళ్ళకి ఇచ్చి చూస్తున్నారు. ఎవరు ఎంతసేపు ఆడారో, ఎక్కడ విసిగి వదిలేశారో లెక్కలు తీయడం అతని పని. చాలామంది మొదటి వారంలోనే వదిలేశారు. ఇలాగే ఉంటే ఆటతోపాటు అతని ఉద్యోగమూ ఎగిరిపోతుందని ముందే చెప్పేశారు.

“ఎవరో పెద్దావిడ, మేడమ్.”

“ఓడిపోయినా వదలడం లేదే!”

“వదలదు. అదే మెట్టు మళ్ళీ మళ్ళీ ఆడుతుంది.”

“మధ్యలో వచ్చే ప్రకటనలు?”

“ఒక్కటీ దాటెయ్యదు. చివరిదాకా చూస్తుంది.”

మార్కెటింగ్ మేనేజర్ నోరు వెళ్ళబెట్టాడు. “చివరిదాకానా? మా పెళ్ళి వీడియోనే నేను చివరిదాకా చూడలేదండీ!”

“నవ్వులాట కాదు. ఆవిడకి ఇందులో ఏం నచ్చిందో పట్టుకోండి. ఆట ఉంచాలో తీసెయ్యాలో వచ్చే మీటింగులో తేలుద్దాం,” అంది డైరెక్టరమ్మ.

లెక్కల్లో మనుషులకి పేర్లుండవు, సంఖ్యలే ఉంటాయి. ఆ సంఖ్య తన తల్లిదని అతను చెప్పలేదు.

తండ్రి పోయాక ఆమె మాటలు తగ్గించేసింది. ఆయన కుర్చీ వైపు చూడకుండా గదిలో తిరగడం నేర్చుకుంది. ఆయన కోసం మొదలుపెట్టిన స్వెట్టర్ని కొడుకు కొలతకి మార్చి, తల వంచుకుని అల్లుతూ కూర్చునేది. అతనే ఆమె ఫోన్లో ఆట పెట్టి ఇచ్చాడు. “నాకెందుకురా ఇవన్నీ,” అని పక్కన పడేసింది. ఒకరోజు ఏమనుకుందో, తనే ఫోను పట్టుకొచ్చి, “ఈ పిట్టల్ని ఎలా కలపాలో చూపించు,” అంది. ఆ రోజు అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బల్లమీద ఫోన్లో ఏదో సబ్బు ప్రకటన దానంతటది నడుస్తోంది. తల్లి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉంది.

“కళ్ళు మంటగా ఉన్నాయామ్మా?”

“ఏం లేదు, చుక్కలు వేసుకున్నా. ఈ సబ్బుగోల అయిపోగానే మళ్ళీ మొదలెడతా.” కళ్ళు తెరవకుండానే అడిగింది. “ఆఫీసులో అంతా బాగుందా?”

ఈమధ్య రోజూ అడుగుతోంది. తండ్రినీ ఇలాగే అడిగేది.

“బాగుందమ్మా.”

“ఇది పొద్దున ఆడితే మంచిదా, సాయంత్రమా?”

అతను నవ్వాడు. “మందు కాదమ్మా, వేళలు చూసుకోడానికి! నీ ఇష్టం. ఎక్కువసేపు ఆడేవాళ్ళంటే మావాళ్ళకి మహా ముద్దు.”

వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతోంది. గోడ అవతలి నుంచి పిట్టల కిచకిచలు వినిపిస్తున్నాయి.

“ఉద్యోగం సంగతి అమ్మతో అనలేదు కదా? అసలే దిగులు మనిషి,” అన్నాడు గొంతు తగ్గించి.

“నేనెందుకంటానండీ? ముందు ఆ ఆట తీసెయ్యండి. నడకకి రమ్మంటే రావట్లేదు. ఊలు బుట్ట మంచం కిందే పడి ఉంది.”

“పిచ్చిదానా, ఆవిడ మళ్ళీ మనిషయిందంటే దానివల్లే. అది లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంత ఇష్టంగా చేసే పని ఇంకోటుందా? కావాలంటే లెక్కలు చూపిస్తా.”

“మీ లెక్కల్లో మొహాలు కూడా కనిపిస్తాయా? అసలు అత్తయ్య...”

“అమ్మాయ్!” లోపల్నుంచి కేక. “నా కళ్ళజోడు అక్కడుందేమో చూడు.”

భార్య పెదవులు బిగించి వెళ్ళిపోయింది.

మీటింగు రోజున అతను గీతలు ఎక్కువ చూపించలేదు. తెర ఆపేసి మాట్లాడాడు. “ఆవిడకి ఈమధ్యే భర్త పోయాడు మేడమ్. పలకరిస్తే పలికేది కాదు. ఇప్పుడు పొద్దున లేస్తూనే ఈ పిట్టల దగ్గరికి వస్తోంది. మనం ఇది తీసేస్తే...”

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“ఆట ఉంటుంది,” అంది. “ఆ విభాగం ఇక నువ్వే చూసుకో. ఆవిడ అలవాట్లే మనకి కొలబద్ద. మెట్లు పెంచండి, ఒక్కో మెట్టూ ఇంకా సాగదియ్యండి. ప్రకటనలు కూడా పెంచొచ్చు, ఆవిడకి ఇష్టమేగా.”

“‘మనసు పడితే వదలరు!’ ప్రకటనకి ఎలా ఉంది మేడమ్?” అన్నాడు మార్కెటింగ్ మేనేజర్.

“బాగుంది. రాసుకో.”

అతను ఇంట్లోకి అడుగుపెడుతూనే, చెప్పులైనా విప్పకుండా తల్లి ముందు కూర్చున్నాడు.

“అమ్మా, నీ ఆట ఇక ఎక్కడికీ పోదు! ఆ విభాగం మొత్తం నాకే అప్పగించారు. నీలాంటివాళ్ళ కోసం కొత్తగా ఇంకో అయిదువందల మెట్లు కట్టిస్తున్నాం.”

ఆమె ఫోను పక్కన పెట్టి, కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది.

“నిజమేనా? కాగితం మీద ఇచ్చారా?”

“ఇచ్చారమ్మా. ఇదిగో.”

ఆమె కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మెల్లగా చదివింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“మీ నాన్న ఉంటే ఎంత సంతోషించేవారో,” అంది. “వెళ్ళు, స్నానం చేసిరా.”

ఆమె అంత తేలిగ్గా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఒక ఆట మనిషిని ఇంతగా మారుస్తుందా అనుకుంటూ అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ భార్య వైపు, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

స్నానాల గది తలుపు పడిన చప్పుడు విన్నాక, ఆమె కోడల్ని దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

“ఈ పాడు ఆట ఇక ఆపేసినా వాడి ఉద్యోగానికేం ఢోకా లేదు కదమ్మాయ్?”